మందు లేని రోజుల్లో డిచ్‌పల్లి డాక్టరమ్మ

సంతోషంగా ఉండాలని ఎవరికి ఉండదు చెప్పండి? కానీ ఇంట్లో జబ్బు తగ్గాక, అప్పు తీరాక, పిల్ల పెళ్లయ్యాక అంటూ దాన్ని వాయిదా వేస్తూనే ఉంటాం. కష్టం తీరే దారి కనబడని చోట కూడా సంతోషాన్ని వాయిదా వేయని ఒక ఇల్లాలు మనకి దగ్గర్లోనే బతికారు. ఆమే డాక్టర్ ఇసబెల్ కెర్. మా వేములవాడ నుంచి సిరిసిల్ల, కామారెడ్డి మీదుగా నిజామాబాద్ పోతుంటే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. ఆమె కథంతా అక్కడిదే.

ఇసబెల్ 1875లో స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట పుట్టారు. ఆడపిల్ల డాక్టరీ చదవడమే వింతగా చూసే రోజులవి. ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో పట్టా పుచ్చుకున్నారు. క్రైస్తవ బోధకుడైన జార్జ్ కెర్‌ను పెళ్లాడి, 1907లో ఆయనతో కలిసి నిజాం రాజ్యానికి వచ్చారు. భాష రాదు, ఎండలు కొత్త, అయినవాళ్లంతా సముద్రాల అవతల! అయినా ఇక్కడికి వచ్చాక ఆమె కన్ను పడింది తన కష్టాల మీద కాదు, కుష్ఠు రోగుల మీద.

పెద్దరోగం అంటే మనవాళ్లకి ఎంత భయమో తెలుసు కదా. రాజన్న జాతరలో వేళ్లు అరిగిపోయిన మనుషులు బట్ట పరుచుకుని కూర్చోవడం నేనూ చిన్నప్పుడు చూశాను. పైసలు పైనుంచి వేయమని, చెయ్యి తగలనీయొద్దని పెద్దవాళ్లు చెప్పేవారు. ఇక వందేళ్ల కిందట ఎలా ఉండేదో ఊహించుకోండి. జబ్బు చేసింది ఆడమనిషికైతే పుట్టిల్లూ లేదు, మెట్టినిల్లూ లేదు.

ఇసబెల్ 1911లో నిజామాబాద్‌లో ఈ రోగుల కోసం చిన్న ఆశ్రయం మొదలుపెట్టారు. చూస్తుండగానే చోటు చాలకుండా పోయింది. అప్పుడు ఆదుకున్నది నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ దాత. ఆయనిచ్చిన సొమ్ముతో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆస్పత్రి లేచింది. 1915లో తెరిచారు. మా రాజన్న గుడి ఆవరణలో దర్గా ఉన్నట్టే, ఆ ఆస్పత్రి పునాదిలోనూ రెండు మతాల మంచితనం కలిసింది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ రోజుల్లో కుష్ఠును ఖాయంగా నయం చేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఆయుర్వేదంలో తువరకం అనే చెట్టు గింజల నూనె. తాగిస్తే వాంతులు, సూదిలో ఎక్కిస్తే భరించలేని నొప్పి. నెలలూ ఏళ్లూ వాడాలి. కొందరికి తగ్గేది, కొందరికి లేదు. 1920ల్లో కలకత్తాలో డాక్టర్ ముయిర్ ఆ వైద్యాన్ని మెరుగుపరిస్తే, ఇసబెల్ దాన్ని డిచ్‌పల్లిలో పట్టుదలగా అమలు చేశారు. సూది వేయాలంటే రోగి చెయ్యి పట్టుకోవాల్సిందేగా! ఎవరూ తాకని చేతిని డాక్టరమ్మ పట్టుకోవడమే వాళ్లకి సగం మందై ఉంటుందని నాకనిపిస్తుంది.

సగం మందుతో అన్నేళ్లు నిబ్బరంగా ఎలా ఉండగలిగారు? ఆమె నమ్మిన బైబిల్లోనే జవాబు ఉందనుకుంటాను. ఏసు కుష్ఠు రోగిని తాకి బాగుచేసిన కథ అందులో ఉంది. పౌలు చెరసాలలో ఉండి ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరంలో పదే పదే వచ్చేది ఆనందం మాటే. అంటే విశ్వాసి సంతోషం, తలుపు తెరిచాక వచ్చేది కాదు, తలుపు మూసి ఉండగానే ఎంచుకునేది. అందరూ చావు కోసం ఎదురుచూసే చోటు అనుకున్నదాన్ని ఇసబెల్ వైద్యం చేసి ఇంటికి పంపే చోటుగా మార్చాలనుకున్నారు. ఆమె ఎంచుకున్న సంతోషం అదీ.

1923లో ఆ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1930ల మొదట్లో ఇసబెల్ డిచ్‌పల్లిలోనే కన్నుమూశారు. కుష్ఠును నిజంగా లొంగదీసిన డాప్సోన్ మాత్ర 1940ల్లో గాని రాలేదు. ఆమె దాన్ని చూడనే లేదు. చూడకుండానే ఆ పని అంతా చేశారు.

ఈ రోజు మనకి ఆ లోటు లేదు. ఒంటిమీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపించినా, పొయ్యిమీది వేడి గిన్నె పట్టుకున్నా చెయ్యి కాలినట్టు తెలియకపోయినా వెంటనే సర్కారు దవాఖానాకు వెళ్లండి. ఆరు నెలలో ఏడాదో మందులు వాడితే చాలు, ఉచితంగానే ఇస్తారు. దాచిపెడితేనే నరాలు దెబ్బతిని వేళ్లు పోతాయి. ఇంకో సంగతి, భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు ఇచ్చే వీలు 2019 దాకా మన చట్టాల్లో ఉండేది. ఆ ఏడాదే దాన్ని తీసేశారు.

చట్టం మారింది, మందు వచ్చింది. మారాల్సింది ఇక మన ఇళ్లలోని భయమే. జబ్బు పడ్డ మనిషి కంచం వేరు పెట్టే ముందు, మందే లేని రోజుల్లో ఆ చెయ్యి పట్టుకున్న డిచ్‌పల్లి డాక్టరమ్మను ఒక్కసారి తలుచుకుందాం.