బ్రహ్మర్షి వెంకటరత్నం నాయుడు గారు మగపిల్లలకు చెప్పిన పాఠం

ఈ ప్రత్యేక సంచికకు, యువతరానికి ఉపయోగపడే మహనీయుని జీవితం ఒకటి రాయమని మన సంఘ కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు మొదట తట్టిన పేరు సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారిది. ఆయన పోయిన పదేళ్ళ తర్వాత పుట్టినవాణ్ణి నేను. ఆయన్ని చూడలేదు. అయితే ఆయన ప్రిన్సిపాలుగా పనిచేసిన కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలోనే బి.ఏ. చదివాను. ఆ పేరు వింటూ చదువుకున్నానే గాని, ఆయన చెప్పిన అసలు పాఠం నాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది. ఆ సంగతి చివర్లో మనవి చేస్తాను.

నాయుడు గారు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రిగారు సైన్యంలో ఉద్యోగి కావడంతో బాల్యం కొంత తెలుగుదేశానికి వెలుపల గడిచింది. హైదరాబాదులో హైస్కూలు చదువు, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పై చదువులు సాగాయి. అక్కడ ప్రిన్సిపాలు విలియం మిల్లర్ దొరగారి శిక్షణ, దానితోపాటు బ్రహ్మసమాజ భావాలు ఆయన జీవితాన్ని మలిచాయి. ఎం.ఏ. పూర్తి చేసి బందరు నోబుల్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1899 నుంచి 1904 వరకు సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు.

ఆ రోజుల పద్ధతులు కొంచెం చెప్పుకోవాలి. కలిగినవారింట పెళ్ళి అంటే భోగం మేళం ఉండాల్సిందే. మేళం పెట్టని పెళ్ళివారిని లోకువగా చూసేవారు. పెద్ద ఉద్యోగి బదిలీ మీద వస్తే స్వాగతానికీ మేజువాణీయే. తాతలు, తండ్రులు ముందు వరుసలో కూర్చుంటే పిల్లలు వాళ్ళ పక్కనే కూర్చుని చూసేవారు. ఇంట్లో ఆడపిల్లను మాత్రం గడప దాటనిచ్చేవారు కారు. ఆడది డబ్బిచ్చి చూసే వినోదమని ఒకచోట, దాచిపెట్టాల్సిన వస్తువని మరొకచోట పిల్లవాడు నేర్చుకునేవాడు. తనలాంటి మనిషి అని మాత్రం ఎక్కడా నేర్చుకునేవాడు కాడు.

ఈ ఆచారం మీద రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు గారు కలంతో పోరాడారు. నాయుడు గారు తరగతి గదిని ఎంచుకున్నారు. మేళాలున్న వేడుకలకు వెళ్ళబోమని, నడవడిని శుద్ధంగా ఉంచుకుంటామని యువకుల చేత ప్రతిజ్ఞ చేయించారు. 1901లో చింతామణి గారు సంఘసంస్కరణ మీద వెలువరించిన ఇంగ్లీషు గ్రంథంలో ఈ ఉద్యమం గురించి వ్యాసం రాశారు. ఆడపిల్లలు ఎలా మెలగాలో చెప్పడానికి ఊరి నిండా పెద్దలున్నారు. మగపిల్లవాడు ఎలా చూడాలో, ఎలా మాట్లాడాలో, ఎక్కడికి వెళ్ళకూడదో చెప్పడం తన పని అనుకున్న గురువు ఆయన.

చెప్పింది చేసి చూపడంలోనే ఆయన గొప్పతనం. ముప్పై ఏళ్ళు నిండకుండానే భార్యను పోగొట్టుకున్నారు. ఆ కాలంలో భార్య పోయిన మగవాడు ఏడాది తిరక్కుండా పీటల మీద కూర్చునేవాడు. భర్త పోయిన పసిపిల్ల మాత్రం జన్మంతా తెల్లబట్టతో మూల కూర్చోవాలి. నాయుడు గారు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. తుదివరకు తెల్లని దుస్తులే ధరించారు. విధవా వివాహాలను సమర్థించిన మనిషి, మగవాడికి దొరికే వెసులుబాటును తాను మాత్రం వాడుకోలేదు.

1904లో కాకినాడ కళాశాల ప్రిన్సిపాలుగా వచ్చి 1919 వరకు ఉన్నారు. ఆయనను గురువుగా భావించిన పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ వారి అండతో అక్కడ ఆడపిల్లలకు ఫీజు లేకుండా చదువు చెప్పించారు. మగపిల్లలతో కలిపి ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. వందేళ్ళ కిందట అది చిన్న సాహసం కాదు. ఊళ్ళో గొడవ వస్తే పోయేది ప్రిన్సిపాలు పరువే. అయినా, పక్క బల్ల మీద కూర్చుని తనకంటే బాగా లెక్క చేసే అమ్మాయిని చూసిన అబ్బాయికి, వంద ఉపన్యాసాలు నేర్పలేనిది ఒక్క ఏడాదిలో తెలుస్తుంది కదా! హరిజన విద్యార్థులను చేర్చుకోవడం, అనాథ పిల్లలకు శరణాలయం ఏర్పడేలా చేయడం కూడా ఆ కాలంలోనివే. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు ఆయన శిష్యులే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మేళాలు ఆగాక ఆ ఆట పాటల మీదే బతికిన కళావంతుల స్త్రీల గతి ఏమిటన్న ప్రశ్నకు ఆ ఉద్యమం సరైన జవాబు ఇవ్వలేకపోయింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చేనాటికి మన గోదావరి జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు జీవనాన్ని, గొప్ప విద్యను కూడా పోగొట్టుకున్నాయి. మగవాడి చూపు మార్చాలన్న ప్రయత్నంలో, చూడబడుతున్న స్త్రీ మనసును అడిగినవారు తక్కువ. గౌరవమంటే తప్పుకుని పోవడం ఒక్కటే కాదు, ఎదుటి మనిషి కష్టసుఖాలు కనుక్కోవడం కూడా. ఇది ఆ మహనీయుణ్ణి తక్కువ చేయడానికి అన్నది కాదు. ఆయన మొదలుపెట్టిన పాఠంలో మిగిలిన భాగం మనం పూర్తి చేసుకోవాలి.

1924లో నాయుడు గారికి సర్ బిరుదు వచ్చింది. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1939 మే 26న కన్నుమూశారు. జనం ఆయనను బ్రహ్మర్షి అని పిలుచుకున్నారు.

ఇక నా సంగతి. 1970 దశకంలో నేను గుమాస్తాగా చేరిన కార్యాలయానికి మొదటిసారి ఒక అమ్మాయి టైపిస్టుగా వచ్చింది. ఆమె టైపు కొడుతుంటే వెనక బల్లల దగ్గర వెకిలి మాటలు, నవ్వులు. ఆ మాటలు నేను అనలేదు. అయితే అందరితో పాటు నవ్వాను. ఆమె తల ఎత్తకుండా పని చేసుకునేది. ఆరు నెలలకు బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన రోజున కూడా ఎందుకు వెళ్ళిందో ఆలోచించలేదు. బ్రహ్మర్షి కళాశాలలో చదువుకున్నవాడి నిర్వాకం ఇది.

ఈమధ్య మా ఇంట్లో మనుమరాలు కాలేజీకి బయలుదేరుతుంటే చీకటి పడకముందే రావాలని, గట్టిగా నవ్వకూడదని, దారిలో ఎవరైనా ఏమైనా అంటే తల వంచుకుని రావాలని నేనే చెబుతున్నాను. అప్పుడా పిల్ల, ఈ మాటలు తమ్ముడికి ఎప్పుడైనా చెప్పావా తాతయ్యా అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. తల వంచుకున్న ఆ టైపిస్టు అమ్మాయి కళ్ళ ముందు నిలిచింది.

ఆ సాయంత్రం మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ సంగతంతా దాచకుండా చెప్పాను. తాతయ్య తప్పు ఒప్పుకోవడం వాడు చూడటం అదే మొదలు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన స్నేహితులు కూడా అలాంటి మాటలు అంటుంటారని, తానూ ఊరుకుంటున్నానని మెల్లగా చెప్పాడు. ఇకమీదట ఊరుకోవద్దని చెప్పి, నాయుడు గారి కథ మొదటినుంచి చెప్పాను.

పెన్షనర్ మిత్రులారా, మనకు తీరిక ఉంది, మన మాట వినే మనుమలున్నారు. ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పింది చాలు. మగపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుందాం. మన పొరపాట్లతో సహా చెబుదాం. ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి ఇదే. సెలవు.