ఇంగ్లిషు మాటలకు జాతకం రాసిన దర్జీ కొడుకు

బ్రాంట్‌ఫోర్డ్‌లోని అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ ఇంటిని ఒంటారియోలో ఉండే మన పిల్లల్లో చాలామంది స్కూల్ ట్రిప్పులో చూసే ఉంటారు. క్షయ ఇద్దరు కొడుకులను పొట్టన పెట్టుకున్నాక, మిగిలిన ఒక్కడినైనా దక్కించుకోవాలని బెల్ తల్లిదండ్రులు 1870లో బ్రిటన్ వదిలి వచ్చి కాపురం పెట్టిన ఊరది. 1876 ఆగస్టులో అక్కడికి దగ్గర్లోనే ఉన్న పారిస్ అనే చిన్న ఊరికి తీగ మీద మాట వెళ్లింది. ఇదంతా మనకు తెలిసిన కథే. ఆ బెల్‌కు చిన్నప్పుడు విద్యుత్తు ఓనమాలు నేర్పిన బడిపంతులు సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆయన పేరు జేమ్స్ మర్రే. 1867లో మర్రే పెళ్లికి బెల్ తోడిపెళ్లికొడుకు. టెలిఫోన్‌కు మర్రే తాత వరస అవుతారని బెల్ తర్వాతి రోజుల్లో చెప్పుకునేవాడట. అయితే మర్రే పేరు నిలిచింది టెలిఫోన్ వల్ల కాదు, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ వల్ల.

కెనడాకు వచ్చే ముందు మనలో చాలామందికి ఇంగ్లిషు ఒక పరీక్ష. ఐఈఎల్‌టీఎస్, సెల్పిప్, వాటి మార్కులు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ రాయడాలు. పీఆర్ వచ్చాక ఆ పరీక్ష అయిపోయిందనుకుంటాం కానీ, పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఇంట్లోనే కొత్త ఎగ్జామినర్లు తయారవుతారు. నాన్న ‘వెస్ట్’ని ‘వెస్ట్’లా పలకలేదని ఒకరు, అమ్మమ్మ యాస విని ఇంకొకరు నవ్వుతారు. ఆ నవ్వు విన్నప్పుడల్లా నాకు మర్రే గుర్తొస్తారు. ఇంగ్లిషు మాటలకు పుట్టుపూర్వోత్తరాలు తేల్చిన ఆ పెద్దమనిషి ఇంట్లో మాట్లాడిన భాషను లండన్ దొరలు మోటు మాటలుగానే చూసేవారు మరి.

మర్రే 1837 ఫిబ్రవరి 7న స్కాట్లాండ్ సరిహద్దు ప్రాంతంలో, హాయిక్ పట్టణానికి దగ్గరున్న డెన్‌హోమ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి దర్జీ, బట్టలు కూడా అమ్మేవాడు. పై చదువులకు డబ్బు లేక మర్రే పద్నాలుగేళ్లకే బడి మానేశారు. చదువు మాత్రం మానలేదు. దొరికిన పుస్తకమల్లా చదివారు, దొరికిన భాషనల్లా నేర్చుకున్నారు. పొలంలో ఆవులకు లాటిన్ పేర్లు పెట్టి, పిలిస్తే పలికేలా తర్ఫీదు ఇవ్వబోయారని ఒక ముచ్చట ఉంది. పదిహేడేళ్లకు బడిలో అసిస్టెంటు పంతులు, ఇరవై ఏళ్లకు హాయిక్‌లో హెడ్మాస్టరు. ఆ రోజుల్లోనే ఎడిన్‌బరోలో బెల్ తండ్రి మెల్విల్ బెల్ ఉచ్చారణ మీద చెప్పే పాఠాలకు వెళ్లారు. నోట్లో ఏ ధ్వని ఎక్కడ పుడుతుందో వివరించే విద్య అది. రెండు కుటుంబాల స్నేహం అలా మొదలైంది.

క్షయ బెల్ ఇంటినే కాదు, మర్రే ఇంటినీ వదల్లేదు. 1862లో ఆయన మ్యాగీ స్కాట్ అనే పంతులమ్మను పెళ్లి చేసుకున్నారు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయింది. భార్యకు జబ్బు ముదిరింది. చలి తక్కువగా ఉండే చోటికి తీసుకెళ్లమని వైద్యులు చెప్పడంతో హెడ్మాస్టరు ఉద్యోగం వదిలేసి లండన్ చేరారు. అక్కడ ఆయనకు దొరికింది చార్టర్డ్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో గుమాస్తా పని. ఇంత చేసినా మ్యాగీ దక్కలేదు. సొంతూళ్లో నలుగురూ గౌరవించే పంతులు, పెద్ద నగరంలో లెక్కల పుస్తకాల ముందు కూర్చున్న గుమాస్తాగా మిగిలారు. ఊళ్లో లెక్చరరుగా చేసి ఇక్కడ గోదాములో షిఫ్టు చేసిన మనవాళ్లకు ఈ ఘట్టం విడమరిచి చెప్పక్కర్లేదు. 1866లో బ్రిటిష్ మ్యూజియంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నారు. తనకు తెలిసిన భాషల జాబితాలో లాటిన్, ఫ్రెంచ్, ఇటాలియన్‌ల దగ్గర్నుంచి హీబ్రూ, సంస్కృతం దాకా రాశారు. ఉద్యోగం రాలేదు.

మర్రేను పండితుల దృష్టిలో పడేసింది 1873లో వచ్చిన పుస్తకం. అది ఏ మహాకవి మీదో రాసింది కాదు, తన పల్లె యాస మీద రాసింది. దక్షిణ స్కాట్లాండ్ జిల్లాల మాండలికాన్ని ఆయన ధ్వని ధ్వనిగా విప్పి చూపించారు. అందులో తేలిన విషయం అర్థం కావాలంటే ఇంగ్లిషు పుట్టుక కొంచెం చెప్పుకోవాలి.

అయిదో శతాబ్దంలో ఉత్తర సముద్రం దాటి బ్రిటన్ చేరిన యాంగిల్స్, శాక్సన్లు, జ్యూట్ల మాటలే పాత ఇంగ్లిషు. అంటే అదీ వలస వచ్చిన భాషే. తర్వాత వైకింగులు వచ్చారు. ‘స్కై’, ‘ఎగ్’, ఆఖరికి ‘దే’ అనే సర్వనామం కూడా వాళ్లిచ్చినవే. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి గద్దెనెక్కారు. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు కొలువులో, కోర్టుల్లో ఫ్రెంచ్‌దే పెత్తనం. ఇంగ్లిషు పొలాల్లో, వంటిళ్లలో బతికింది. కొట్టంలో పాలేరు మేపితే ‘కౌ’, అదే దొరవారి పళ్లెంలోకి వస్తే ‘బీఫ్’ అయింది. మొదటిది ఊరి మాట, రెండోది ఫ్రెంచ్ మాట. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లిషులో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని కూడా రాసింది ఫ్రెంచ్‌లోనే! తెలుగులో పాలన జరగాలని ఇంగ్లిషులో జారీ అయిన జీవోలు చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

మర్రే చూపించింది ఏమిటంటే, ఈ పాత ఇంగ్లిషుకు ఉత్తరాన ఒక శాఖ ఉండేది. మధ్యయుగంలో ఇంగ్లండ్ ఉత్తర భాగంలోనూ, స్కాట్లాండ్ పల్లపు ప్రాంతంలోనూ అది దాదాపు ఒకే భాష. మధ్యలో గీసిన సరిహద్దు రాజులది, భాషది కాదు. తన పల్లె వాళ్లు మాట్లాడేది లండన్ భాష చెడిపోగా మిగిలింది కాదు, దానికి తోబుట్టువు. కొన్ని చోట్ల పాత రూపాన్ని దాచుకున్నది పల్లె నోరే. ఇంటిని పాత ఇంగ్లిషులో ‘హూస్’ అనేవారు. దక్షిణాది వాళ్ల నోట్లో ఆ అచ్చు జారి ‘హౌస్’ అయింది. స్కాట్ రైతు ఇప్పటికీ ‘హూస్’ అంటే ఎవరిది పాతది, ఎవరిది మారింది? కెనడియన్లు ‘అబౌట్’ పలికే తీరు మీద అమెరికా వాళ్లు జోకులు వేస్తుంటారు కదా. ఆ ధ్వని సరిగ్గా ఇది కాకపోయినా, ఆ జోకు వెనకున్న బుద్ధి మాత్రం ఇదే. మన గిడుగు రామమూర్తి గారు కూడా జనం మాట తప్పు కాదని వాదించారు, సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు. మర్రే, ఆయన ఒకే బడిలో చదివినవాళ్లలా కనిపిస్తారు నాకు.

లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ 1857లోనే ఒక పెద్ద సంకల్పం చెప్పుకుంది. ఇంగ్లిషులో ప్రతి మాట ఎప్పుడు పుట్టింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఏ శతాబ్దంలో ఏ అర్థంలో వాడారు అన్నది పాత పుస్తకాల్లోంచి వాక్యాలతో సహా చూపించాలి. ఒక్క మాటలో, ప్రతి పదానికీ జాతకం రాయాలి. మొదటి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిడ్జ్ 1861లో ముప్పై ఏళ్లకే క్షయతో పోయాడు. తర్వాత ఫర్నివాల్ అనే ఉత్సాహి చేతిలో పని చెల్లాచెదురైంది. 1879 మార్చి 1న ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌తో ఒప్పందం కుదిరి, అప్పటికి మిల్ హిల్‌లో బడిపంతులుగా ఉన్న మర్రే భుజాల మీద ఆ బరువు పడింది. పదేళ్లు, నాలుగు సంపుటాలు, ఏడు వేల పేజీలు అని అంచనా వేశారు.

ఫర్నివాల్ ఇంటి నుంచి చీటీలు వచ్చాయి, దాదాపు రెండు టన్నులు. గోనె సంచుల్లో కుక్కి పంపారు. ఒక సంచిలో చచ్చిన ఎలుక, ఇంకోదాంట్లో పిల్లలతో కాపురమున్న చిట్టెలుక. ‘హెచ్’ అక్షరం చీటీలు ఇటలీలో దొరికాయి. ‘పీఏ’తో మొదలయ్యే చీటీలు ఐర్లండ్‌లో గుర్రాల కొట్టంలో బయటపడ్డాయి, కొన్నింటితో అప్పటికే పొయ్యి వెలిగించేశారు. మర్రే పెరట్లో రేకుల షెడ్డు వేయించి, చీటీల కోసం గోడలకు వెయ్యికి పైగా గూళ్లు కట్టించి, దానికి స్క్రిప్టోరియం అని పేరు పెట్టారు. పుస్తకాలు చదివి మాటలు ఏరి పంపమని ఇంగ్లిషు చదివే లోకానికంతా పిలుపునిచ్చారు. పంతుళ్లు, పాదిరీలు, గృహిణులు చీటీలు రాసి పంపారు. పంపినవారిలో హత్య చేసి పిచ్చాసుపత్రిలో బందీగా ఉన్న ఒక అమెరికన్ సైనిక వైద్యుడు విలియం మైనర్ కూడా ఉన్నారు. కాశీలో సంస్కృతం చెప్పిన అమెరికన్ ఫిట్జ్‌ఎడ్వర్డ్ హాల్ అయితే పైసా పుచ్చుకోకుండా ఏళ్ల తరబడి ప్రూఫులు దిద్ది పంపారు. సినిమాలు మైనర్ మీద తీశారు గానీ, నాకు హాల్ మీదే మక్కువ.

అయిదేళ్ల తర్వాత, 1884లో మొదటి భాగం అచ్చయింది. అది ‘ఏ’ నుంచి ‘యాంట్’ వరకే వచ్చింది. ఒప్పందంలో సగం కాలం గడిచేసరికి మొదటి అక్షరం కూడా పూర్తికాలేదు. ప్రెస్ పెద్దలు కంగారుపడ్డారు. వేగం పెంచమని, ఖర్చు తగ్గించమని ఒత్తిడి. 1885లో మర్రే బడి ఉద్యోగం వదిలి ఆక్స్‌ఫర్డ్‌కు మారారు. అక్కడ కొత్త షెడ్డు తన కళ్లకు అడ్డమని పక్కింటి ప్రొఫెసరు అభ్యంతరం చెప్పడంతో దాన్ని కొంత నేలలోకి దించి కట్టారు. లోపలంతా చెమ్మ, చలి. శీతాకాలంలో మర్రే కాళ్లను పెట్టెలో పెట్టుకుని పనిచేసేవారు. ఉత్తరాల తాకిడికి తపాలా శాఖ ఇంటి ముందే ఎర్ర పోస్టు డబ్బా పెట్టింది. రెండో భార్య ఏడా ఆ ఇంటినీ, ఉత్తరప్రత్యుత్తరాలనూ ఒంటిచేత్తో నడిపింది. పదకొండు మంది పిల్లలు. కాస్త అక్షరాలు వచ్చిన ప్రతివారూ చీటీలు వరసలో పెట్టాలి, దానికి చేతిఖర్చు డబ్బులు వచ్చేవి.

నా దగ్గర ఆ నిఘంటువు కుదింపు ప్రతి ఉంది. రెండు లావుపాటి సంపుటాలు, చదవడానికి భూతద్దం. లైబ్రరీ పాత పుస్తకాల అమ్మకంలో కొన్నాను. ఇంటికి తెచ్చాక మొదట వెతికిన మాట ‘బ్యాండికూట్’. వీడియో గేమ్ ఆడిన పిల్లలందరికీ క్రాష్ బ్యాండికూట్ తెలుసు. ఆ పేరు మన పందికొక్కే అని ఎంతమందికి తెలుసు? తెలుగు నోటి నుంచి కంపెనీ దొరల నోట్లో పడి బ్యాండికూట్ అయింది. తర్వాత ఆస్ట్రేలియాలో దాని పోలికలున్న మరో జంతువుకూ అదే పేరు పెట్టేశారు. 1885లో వచ్చిన రెండో భాగంలో మర్రే దీనికి తెలుగు మూలం చూపించారు. లండన్ మాటలకు పట్టిన సూచీ దారంతోనే మన గాదె కింద ఎలుకకూ కొలతలు తీశారు. ‘క్యారిబూ’, ‘టొబాగన్’ లాంటివీ ఆయన సంపాదకత్వంలో వచ్చిన అక్షరాల్లోనే ఉన్నాయి. ఈ నేల మీద తరతరాలుగా ఉన్న మిక్మాక్ ప్రజల మాటలు ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిషులోకి చేరాయి. మంచు పడగానే మన పిల్లలు గుట్టల మీద లాక్కెళ్లే ఆ బండి పేరు ఇంగ్లిషు వాళ్లదీ కాదు, ఫ్రెంచ్ వాళ్లదీ కాదు.

అన్ని మాటలకూ ఇలా తలుపు తెరుచుకోలేదు. మొదటి భాగంలో ‘అమెరికన్’ ఉంది, ‘ఆఫ్రికన్’ లేదు. ఆ నిర్ణయం సరికాదని తర్వాత మర్రేకే అనిపించింది. ‘బాండ్‌మెయిడ్’ అనే మాట చీటీ ఎక్కడో జారిపోయి, పుస్తకం అచ్చయ్యాక దొరికింది. రోజంతా పనిచేసే మనిషికి ఇలాంటివి ముల్లులా గుచ్చుకునేవి.

1908లో రాజు ఆయనకు సర్ బిరుదు ఇచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మాత్రం తన పేరు మోసే నిఘంటువు రాస్తున్న ఈ పల్లెటూరి పంతులుకు గౌరవ డాక్టరేట్ ఇవ్వడానికి 1914 దాకా ఆగింది. ఏడాది తిరక్కుండానే, 1915 జూలై 26న మర్రే కన్నుమూశారు. అప్పటికి ‘టి’ అక్షరం చివర్లో ఉన్నారు. మొత్తం నిఘంటువులో సగం దాకా ఆయన సొంత చేతి మీదుగా వెళ్లిందే. మిగతాది హెన్రీ బ్రాడ్లీ, విలియం క్రేగీ, ఆనియన్స్ పూర్తిచేశారు. ఆఖరి భాగం 1928 ఏప్రిల్‌లో వచ్చింది. పదేళ్లనుకున్నది నలభై తొమ్మిదేళ్లు, ఏడు వేల పేజీలనుకున్నది 15,490 పేజీలు, మాటలు 4,14,825.

కెనడా కూడా 1967లో, సమాఖ్య నూరేళ్ల పండుగ సంవత్సరంలో, మర్రే వేసిన పద్ధతిలోనే సొంత మాటల చారిత్రక నిఘంటువు తెచ్చుకుంది. దాని సంపాదకుడు వాల్టర్ ఏవిస్. మర్రే ఇంట్లో చీటీలు పేర్చిన పిల్లల్లో రాస్‌ఫ్రిత్ అనే అమ్మాయి పెద్దయ్యాక నిఘంటువు కార్యాలయంలోనే ఉద్యోగంలో చేరింది. తండ్రి పోయాక కూడా ఆ చీటీలను వదల్లేదు. ఆఖరి అక్షరం అచ్చయ్యే నాటికి ఆమె అక్కడే పనిచేస్తోంది.