పక్కవాళ్లకి చోటిచ్చిన శాక్సఫోన్

‘జస్ట్ ద టూ ఆఫ్ అజ్’ పాట మీలో చాలామంది వినే ఉంటారు. పాడింది బిల్ విథర్స్ కాబట్టి ఆయన పాటే అనుకుంటాం. నిజానికి అది గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ అనే శాక్సఫోన్ కళాకారుడి ఆల్బమ్‌లోది. నాకు ఈయన నచ్చడానికి కారణం కూడా అదే. తన ఆల్బమ్‌లోని పెద్ద హిట్‌లో మైకు ఇంకొకరికి ఇచ్చేశాడు.

గ్రోవర్ 1943 డిసెంబర్ 12న అమెరికాలోని బఫెలో నగరంలో పుట్టాడు. నాన్నకి శాక్సఫోన్ వచ్చు, అమ్మ చర్చిలో పాడేది. ఇంటినిండా రికార్డులే. పదహారేళ్లకే ఇల్లు వదిలి ఒక బ్యాండుతో ఊళ్లు తిరిగాడు. తర్వాత సైన్యంలోకి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ డ్రమ్మర్ బిల్లీ కాబమ్ పరిచయమయ్యాడు. న్యూయార్క్ సంగీతకారులతో పరిచయాలు కలిపింది అతనే. సైన్యం నుంచి వచ్చాక గ్రోవర్ ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డాడు. పగలు రికార్డుల హోల్‌సేల్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, ఇతరుల ఆల్బమ్‌లలో వాయించేవాడు.

1971లో నిర్మాత క్రీడ్ టేలర్ ఒక ఆల్బమ్ రికార్డింగ్‌కి అంతా సిద్ధం చేశాడు. వాయించాల్సిన హాంక్ క్రాఫర్డ్ రాలేకపోయాడు. ఆ చోటు గ్రోవర్‌కి దక్కింది. అలవాటైన టెనర్ పక్కన పెట్టి, ఆల్టో శాక్సఫోన్ పట్టుకుని వాయించాడు. అదే ‘ఇన్నర్ సిటీ బ్లూస్’. అదృష్టం అనేయొచ్చు గానీ, అన్నేళ్ల సాధన లేకపోతే ఆ రోజు ఆ అదృష్టాన్ని ఏం చేసుకునేవాడు చెప్పండి?

1975లో ‘మిస్టర్ మ్యాజిక్’, 1980లో ‘వైన్‌లైట్’ వచ్చాయి. ‘వైన్‌లైట్’లో పనిచేసిన వాళ్లని చూడండి: బేస్ మీద మార్కస్ మిల్లర్, డ్రమ్స్ మీద స్టీవ్ గ్యాడ్, గిటార్ మీద ఎరిక్ గేల్, కీబోర్డు మీద రిచర్డ్ టీ, పర్కషన్ మీద రాల్ఫ్ మెక్‌డొనాల్డ్. మెక్‌డొనాల్డ్, విలియం సాల్టర్ రాసిన పాటని విథర్స్ దగ్గరికి తీసుకెళ్తే, మాటలు కొంచెం మారుస్తానని షరతు పెట్టి ఒప్పుకున్నాడట. ముగ్గురి పేర్లతో వచ్చిన ఆ పాట 1981లో బిల్‌బోర్డ్ హాట్ 100లో 2వ స్థానం దాకా వెళ్లింది. ఆల్బమ్‌కీ, పాటకీ గ్రామీలు వచ్చాయి. ఆరు ట్రాకుల్లో మాటలున్నది ఇదొక్కటే. మిగతావాటిలో ఒకటి బాస్కెట్‌బాల్ ఆటగాడు డాక్టర్ జే కోసం. మనవాడు ఫిలడెల్ఫియా 76ర్స్‌కి వీరాభిమాని మరి!

తర్వాత ఈ బాణీకి స్మూత్ జాజ్ అని పేరొచ్చింది. ఇది మరీ తేలిక, జాజే కాదు అని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. వినడానికి తేలికే. కానీ ఆ బేస్, డ్రమ్స్, కీబోర్డు ఒకదాన్నొకటి తొక్కకుండా నడవడం వాయించేవాళ్లకి ఏమంత తేలిక కాదు. మన ఫెస్టుల్లో ఐదుగురు ఎక్కితే ఐదుగురూ సోలోలే కొడతారు కదా!

1999 డిసెంబర్ 17న న్యూయార్క్‌లో ఒక టీవీ కార్యక్రమం కోసం నాలుగు పాటలు వాయించి, పక్క గదిలో కూర్చున్నాడు. అక్కడే కుప్పకూలిపోయాడు. గుండెపోటు. 56 నిండి ఐదు రోజులే.

ఈసారి ఆ పాట విన్నప్పుడు మాటలు ఆగే చోట కాసేపు ఆగండి. అక్కడ వినిపించేది గ్రోవరే.