మొసలిపిల్లతో బడికెళ్ళిన అమ్మాయి

వంటింటి గోడమీద బల్లి కనిపిస్తే చాలు, చేతిలో గరిటె అక్కడే పడేసి హాల్లోకి పరుగెత్తే రకం నేను. మీద పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. తలస్నానం, దేవుడి దగ్గర దీపం, పంచాంగంలో బల్లిపాటు ఫలితం వెతుక్కోవడం. అలాంటి నాకు ఈమధ్య ఓ పుస్తకంలో ఒకావిడ కథ కంటబడింది. చదివాక బల్లంటే భయం పోయిందని అబద్ధం చెప్పను. కానీ పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆమె పేరు జోన్ బీచమ్ ప్రాక్టర్. 1897 ఆగస్టు 5న లండన్‌లో పుట్టింది. తండ్రి షేర్ బ్రోకరు, తల్లి చిత్రకారిణి. తోటి ఆడపిల్లలు బొమ్మలకు పెళ్ళిళ్ళు చేసే పదేళ్ళ వయసుకే ఈ పిల్ల పాముల్నీ బల్లుల్నీ పెంచడం మొదలుపెట్టింది. డాల్మేషియా నుంచి వచ్చిన బల్లి ఒకటి ఆమెకు ప్రాణం. ఎక్కడికెళ్ళినా వెంట ఉండాల్సిందే, భోజనాల బల్ల దగ్గరా పక్కన ఉండాల్సిందే! పదహారో ఏట ఓ మొసలిపిల్ల చేతికొచ్చింది. దాన్ని ఏకంగా లెక్కల క్లాసుకు పట్టుకెళ్ళింది. ఆ రోజు లెక్కలు ఎవరి బుర్రకెక్కి ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఇంత చురుకైన పిల్లకు దేవుడు ఆరోగ్యం మాత్రం ఇవ్వలేదు. చిన్నప్పటి నుంచీ పేగుల జబ్బు. మాటిమాటికీ మంచం పట్టేది, చదువు ఆగిపోయేది. కేంబ్రిడ్జిలో చదవాలన్న కోరిక తీరకుండానే పోయింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. డిగ్రీ అయ్యాక నాకు ఎమ్మెస్సీలో సీటొచ్చింది. ఆయాసం పిల్ల, హాస్టల్లో ఎలా నెగ్గుకొస్తుందని ఇంట్లో మాన్పించారు. వాళ్ళది ప్రేమే, కాదనను. నేనూ మారు మాట్లాడలేదు. అందుకే జోన్ కథ ఈ మలుపు దగ్గర నన్ను పట్టుకుంది.

బ్రిటిష్ మ్యూజియంలో సరీసృపాల విభాగం చూసే బౌలెంజర్ అనే పెద్ద శాస్త్రవేత్త ఆమె ఆసక్తిని ముందే గమనించాడు. 1916లో తనకు సహాయకురాలిగా చేర్చుకున్నాడు. పందొమ్మిదేళ్ళకే విషసర్పాల మీద పరిశోధనా వ్యాసం రాసింది. 1920లో ఆయన రిటైరయ్యాక సరీసృపాల పని ఆమె చేతికొచ్చింది. ఆఫ్రికాలో అట్టులా చదునుగా, మెత్తటి డిప్పతో ఉండే తాబేలు ఒకటుంది. రాతి సందుల్లో దూరి దాక్కునే దాని శరీర నిర్మాణాన్ని విప్పి చెప్పిన 1922 నాటి వ్యాసం ఆమెదే. గమనించండి, డిగ్రీ లేదు!

1923లో లండన్ జూలో సరీసృపాల క్యూరేటర్ అయింది. అప్పటికి ఇరవయ్యారేళ్ళు. కొండచిలువలనూ మొసళ్ళనూ చేతులతో పట్టుకునే అమ్మాయిని పత్రికలు వింతగా చూశాయి. ఆమె మాత్రం జబ్బు చేసిన పాములకూ బల్లులకూ వైద్యం చూసుకుంటూ, తన పనిలో తానుంది.

ఆమె చేసిన పెద్ద పని 1927లో తెరిచిన సరీసృపాల భవనం. ఆర్కిటెక్టు గై డాబర్‌తో కలిసి రూపం ఇచ్చింది. పాములూ బల్లులూ మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేవు. బయటి వెచ్చదనమే వాటికి ఆధారం. లండన్ చలి సంగతి తెలిసిందేగా. అందుకని బోనులో ఒక మూల వెచ్చగా, మరో మూల చల్లగా ఉండేలా కరెంటుతో ఏర్పాటు చేయించింది. ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి అదే పాకి వెళ్తుంది. మామూలు గాజు ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది కాబట్టి, వాటిని రానిచ్చే ప్రత్యేకమైన గాజు పెట్టించింది. జనం నడిచే దారి మసక చీకటి, బోనుల్లో వెలుగు. అచ్చం సినిమా హాల్లా! ఆ భవనం తొంభై ఏళ్ళకు పైగా పనిచేసింది.

ఆ ఏడాదే కొమొడో డ్రాగన్లు రెండు ఆ జూకి వచ్చాయి. అవి మన ఉడుముకు పెద్దన్నలు, కొన్ని పది అడుగుల దాకా పెరుగుతాయి. మనుషుల్ని చంపుతాయని పేరు. జోన్ వాటిలో సుంబావా అనేదాన్ని మచ్చిక చేసుకుంది. తోక పట్టుకుని దారి మళ్ళిస్తూ, జూలో షికారు తిప్పేది. 1928లో శాస్త్రవేత్తల సమావేశానికి తీసుకెళ్ళి, అందరి ముందూ తన చేత్తో కోడినీ గుడ్లనూ తినిపించింది.

ఇదంతా నొప్పిని పంటి బిగువున భరిస్తూనే. చివరి రోజుల్లో నడవలేక, మోటారు బిగించిన చక్రాల కుర్చీలో జూ అంతా తిరిగి పని చూసుకునేది. 1931లో షికాగో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ సెప్టెంబరు 20నే కన్నుమూసింది. ముప్పై నాలుగేళ్ళు. నాకంటే చిన్నది.

ఆరోగ్యం కుదుటపడ్డాక చూద్దాంలే అనుకుని ఉంటే, ఆ రోజు ఆమెకు ఎన్నటికీ వచ్చేది కాదు. నా ఆయాసం ఇప్పటికీ నాతోనే ఉంది. మా అమ్మాయికీ చలికాలం వస్తే పిల్లికూతలే. రేపు అది ఏదో చదువుతానని ఎక్కడికో వెళ్తానంటే, మందుల సంచీ సర్ది చేతికిస్తాను. వద్దని మాత్రం అనను.