ఆటకి కూలి తీసుకున్న జిమ్ థోర్ప్

 ఈసారి ఒక మహనీయుని జీవితం రాసే వంతు నాకొచ్చింది. ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈయన్ని ఎందుకు ఎంచుకున్నానో మీకు అర్థం కాదు.

సంక్రాంతి సెలవుల్లో పక్క ఊరి కబడ్డీ జట్టులో ఒకడికి కాలు బెణికితే నన్ను పిలిచారు. రెండు రోజులు ఆడాను. అన్నం పెట్టి, వచ్చేటప్పుడు చేతిలో 200 రూపాయలు పెట్టారు. అమ్మ వాటితో చెల్లికి చెప్పులు కొన్నది. హాస్టల్‌కి వచ్చి ఆ మాట చెప్తే కొందరు నన్ను డబ్బుకి ఆడినోడని ఎగతాళి చేశారు. అలాంటివాణ్ణి స్కూలు జట్టులో ఉంచకూడదని కూడా ఒకరు వాదించారు. నాకు జవాబు తోచలేదు. పీఈటీ సారు విని ఏమీ అనలేదు గానీ, జిమ్ థోర్ప్ గురించి తెలుసుకోమన్నారు.

జిమ్ థోర్ప్ అమెరికా గిరిజనుడు. అక్కడి మొదటి జనాన్ని తెల్లవాళ్ళు ఇండియన్లు అని పిలిచారు, మనకీ వాళ్ళకీ సంబంధం లేదు. ఆయనది సాక్ అండ్ ఫాక్స్ తెగ. ఇప్పుడు ఓక్లహోమా అంటున్న చోట పుట్టాడు. 1887లో అని కొందరు, 1888లో అని కొందరు రాశారు. (మనలో ఎంతమందికి బడిలో వేసిన పుట్టినరోజే అసలు పుట్టినరోజు అయిందో లెక్కపెట్టుకోండి.) వాళ్ళ భాషలో ఆయన పేరు వా-థో-హుక్. వెలుగు పడిన బాట అని అర్థం.

ఆయనకి చార్లీ అని కవల తమ్ముడు ఉండేవాడు. ఇద్దరూ ఒకే హాస్టల్ బడిలో చదివేవారు. తొమ్మిదేళ్ళ వయసులో చార్లీ జబ్బు చేసి చనిపోయాడు. ఆ తర్వాత జిమ్ బడిలో నిలవలేదు, మాటిమాటికీ ఇంటికి పారిపోయాడు. నడిచి రాలేనంత దూరంలో వేస్తే ఉంటాడని నాన్న ఇంకో రాష్ట్రంలో బడిలో వేశాడు. అక్కణ్ణించి కూడా వచ్చేశాడు! మన హాస్టల్లో గోడ దూకిన వీరులు ఇది చదివి సంతోషించవద్దు, ఆయనకి ఆ దారిలో ఎన్ని కష్టాలు పడ్డాయో ఎవరికి తెలుసు.

1904లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ బడికి వెళ్ళాడు. అది 1879లో పెట్టిన గిరిజన పిల్లల గురుకులం. గురుకులం అంటే మనది అనుకోకండి. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. చనిపోయిన పిల్లల సమాధులు ఆ ఆవరణలోనే ఉన్నాయి. అమ్మ అంతకుముందే పోయింది, నాన్న ఈ బడికొచ్చిన ఏడాదే పోయాడు.

ఈ బడిలో ఒక పద్ధతి ఉండేది. పిల్లల్ని తెల్లవాళ్ళ ఇళ్ళకీ పొలాలకీ పనికి పంపేవారు. కూలి తక్కువ, అందులోనూ కొంత బడి దగ్గరే ఉండిపోయేది. జిమ్ కూడా ఇళ్ళల్లో వంటపనీ, పొలం పనీ చేశాడు. తిరిగొచ్చాక 1907లో ఒకరోజు మైదానం పక్కగా పోతూ, పెద్దవాళ్ళు హైజంప్ కర్ర దాటలేక పడిపోతుంటే చూశాడట. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఒంటి మీద పనిబట్టలతోనే దాటేశాడు. అప్పుడు పాప్ వార్నర్ అనే కోచ్ కళ్ళు ఆయన మీద పడ్డాయి.

కార్లైల్ ఫుట్‌బాల్ జట్టు (మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తేది) పెద్ద పెద్ద కాలేజీల్ని ఓడించింది. 1911లో హార్వర్డ్ మీద 18-15 తేడాతో గెలిచారు. ఆ మ్యాచ్‌లకి వేలమంది టికెట్ కొని వచ్చేవారు. ఆ డబ్బు ఒక ఆటల నిధిలోకి పోయేది, దాని పెత్తనం కోచ్‌ది. 1914లో ఆ లెక్కల మీద అమెరికా పార్లమెంటు విచారణే జరిపింది.

అసలు సంగతి ఇక్కడ ఉంది. 1909, 1910 వేసవుల్లో జిమ్ నార్త్ కరోలినా రాష్ట్రంలో చిన్న చిన్న ఊళ్ళ జట్లకి బేస్‌బాల్ ఆడాడు. మ్యాచికి 2 డాలర్లు ఇచ్చారని కొందరు, వారానికి 35 డాలర్ల దాకా ఇచ్చారని కొందరు రాశారు. అక్కడికి కాలేజీ కుర్రాళ్ళు చాలామంది వచ్చేవారు. వాళ్ళు దొంగపేర్లు పెట్టుకుని ఆడేవారు. జిమ్ సొంత పేరుతోనే ఆడాడు. అందులో దాచాల్సింది ఏముందో ఆయనకి తట్టలేదు.

1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌కి అమెరికా తరఫున వెళ్ళాడు. ఐదు పోటీల పెంటాథ్లాన్, పది పోటీల డెకాథ్లాన్, రెండింటిలోనూ బంగారు పతకాలు! డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు, రెండో అతనికంటే 688 ఎక్కువ. పోటీ మధ్యలో ఎవరో బూట్లు ఎత్తుకుపోతే, దొరికిన రెండు వేరువేరు బూట్లు వేసుకుని, ఒకటి వదులైతే మేజోళ్ళు ఎక్కువ తొడుక్కుని ఆడాడని చెప్తారు. తిరిగొచ్చాక న్యూయార్క్‌లో పెద్ద ఊరేగింపు చేశారు.

1913 జనవరిలో ఒక పత్రిక ఆ బేస్‌బాల్ కూలి సంగతి బయటపెట్టింది. అప్పటి ఒలింపిక్ నియమం ప్రకారం ఆటకి డబ్బు తీసుకున్నవాడు పనికిరాడు. జిమ్ ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు, తను నియమాలు తెలియని బడిపిల్లాణ్ణని, డబ్బు కోసం కాక ఆట ఇష్టమై ఆడానని. కోచ్ తనకేమీ తెలియదన్నాడు. నేను నమ్మను. రెండేళ్ళు బడిలో లేని ఆటగాడు ఎక్కడున్నాడో కోచ్‌కి తెలియకుండా ఉంటుందా?

పతకాలు వెనక్కి తీసుకున్నారు, పేరు కొట్టేశారు. ఫిర్యాదేదైనా 30 రోజుల్లోపు చెయ్యాలని నియమాల్లోనే ఉంది. అప్పటికి ఆరు నెలలు దాటింది, ఆ నియమం ఎవరికీ గుర్తు రాలేదు. ఇంకొకటి చూడండి. అదే ఒలింపిక్స్‌లో సైన్యం జీతం తీసుకునే ఆఫీసర్లు ఆడారు, వాళ్ళది తప్పు కాలేదు. ఇంట్లో ఆస్తి ఉన్నవాడు ఊరికే ఆడగలడు. లేనివాడు సెలవుల్లో ఏదో ఒక పని చెయ్యాలి. పొలంలో కూలి తీసుకుంటే మంచి పిల్లాడు, మైదానంలో తీసుకుంటే దోషి. ఇదేం లెక్కో నాకు ఎంత ఆలోచించినా తెగలేదు.

తర్వాత జిమ్ బాహాటంగానే డబ్బుకి ఆడాడు. న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టు ఏడాదికి 6,000 డాలర్లు ఇచ్చింది. 1915లో కాంటన్ ఊరి ఫుట్‌బాల్ జట్టు మ్యాచికి 250 డాలర్లు ఇచ్చింది, ఆయన్ని చూడ్డానికి వేలమంది వచ్చారు. 1920లో ఫుట్‌బాల్ సంఘం పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. ఇప్పుడు కోట్లు తిరిగే ఎన్ఎఫ్ఎల్ అదే. 1922, 1923లలో అందరూ గిరిజనులే ఉన్న జట్టుని నడిపాడు. ఆ జట్టు యజమాని కుక్కల వ్యాపారి. ఆట మధ్యలో ఆటగాళ్ళు ఆ కుక్కలతో ప్రదర్శనలు ఇవ్వాల్సి వచ్చేది.

నలభై దాటాక ఆట ఆగింది, ఆటతోపాటు డబ్బూ ఆగింది. పింఛను లేదు. 1931లో లాస్ ఏంజెలెస్‌లో పలుగూ పారా పట్టి మట్టి తవ్వే కూలిగా చేరాడు. అదే ఏడాది తన జీవితకథని ఒక సినిమా కంపెనీకి 1,500 డాలర్లకి అమ్మేశాడు. మరుసటేడు అదే ఊళ్ళో ఒలింపిక్స్ జరిగితే టికెట్ కొనడానికి డబ్బు లేదు. సంగతి తెలిసి ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ పక్కన కూర్చోబెడితే జనం లేచి చప్పట్లు కొట్టారు. కర్టిస్ కూడా గిరిజన రక్తం ఉన్నవాడే. జిమ్ సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు. గిరిజన వేషాలు గిరిజనులకే ఇవ్వాలని, వాళ్ళ కూలి వాళ్ళకే దక్కాలని అడిగాడు కూడా.

1950లో పత్రికలవాళ్ళు అర్ధశతాబ్దపు గొప్ప ఆటగాడిగా ఆయన్నే ఎన్నుకున్నారు. 1951లో పెదవి క్యాన్సర్ ఆపరేషన్ ధర్మాసుపత్రి రోగిలాగ చేయించుకున్నాడు. ఆ ఏడాదే ఆయన మీద సినిమా వచ్చింది, హక్కులు ఎప్పుడో అమ్ముకున్నాడు కదా. 1953 మార్చి 28న గుండెపోటుతో పోయాడు.

1982లో ఒలింపిక్ కమిటీ ఆయన పేరు మళ్ళీ చేర్చింది, కానీ రెండో స్థానం వాళ్ళతో కలిపి. 1983లో పతకాల నకళ్ళు పిల్లలకి ఇచ్చారు. 1992 నాటికి లక్షల డాలర్ల జీతగాళ్ళే ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడారు, ఎవరూ ఏమీ అనలేదు. జిమ్ ఒక్కడే విజేత అని కమిటీ రాసింది 2022 జులైలో. స్టాక్‌హోం నుంచి లెక్కేస్తే 110 ఏళ్ళు.

స్కూలు జట్టు ఎంపిక వచ్చే శనివారం. నేను కూడా మైదానానికి వస్తున్నాను.

కింద మూలన ఉన్న జిమ్ బొమ్మ నేనే గీశాను. రెండు బూట్లు రెండు రకాలుగా ఉన్నాయని ఎవరూ పెన్సిల్‌తో దిద్దవద్దు. అవి అలాగే ఉండాలి.