అలెగ్జాండర్ ఫ్లెమింగ్

స్కాట్లాండులో 1881 ఆగస్టు 6న ఒక రైతు కుటుంబంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ జన్మించాడు. ఏడవ ఏటనే తండ్రిని కోల్పోయాడు. లండను నగరంలో ఓడల కంపెనీ గుమాస్తాగా నాలుగేళ్లు గడిపి, బంధువు ఒకరు విడిచిపోయిన కొద్దిపాటి ధనంతో వైద్యవిద్య నభ్యసించాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోని సైనిక వైద్యశాలలో పనిచేశాడు. అక్కడ సైనికుల గాయాలలో క్రిమిసంహారక ద్రవాలను ధారాళంగా పోసేవారు. లోతైన గాయాలలో అవి సూక్ష్మజీవులను చేరలేక, శరీరాన్ని కాపాడే తెల్లరక్తకణాలనే నశింపజేస్తున్నాయని ఫ్లెమింగ్ ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. చాలామంది వైద్యులు ఆ మాట చెవిన పెట్టలేదు.

1928 సెప్టెంబరులో సెలవుల నుండి తిరిగివచ్చిన ఆయనకు ఒక గాజుపళ్లెంలో బూజు కనిపించింది. దాని చుట్టూ సూక్ష్మజీవులు కరిగిపోయి ఉన్నాయి. ఆ బూజు స్రవించిన పదార్థమే పెన్సిలిన్. దానిని ఔషధంగా మలచినవారు ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులైన ఫ్లోరీ, చెయిన్ బృందంవారు. లోకం మాత్రం ఫ్లెమింగ్‌నే ఎక్కువగా కీర్తించింది. అది కొంత అన్యాయమే.

1945లో ఈ ముగ్గురికీ నోబెల్ బహుమతి లభించింది. ఆ సందర్భంగా చేసిన ఉపన్యాసంలో ఫ్లెమింగ్ ఒక కల్పిత కథ చెప్పాడు. గొంతునొప్పితో బాధపడే ఒకడు పెన్సిలిన్ కొని, చాలీచాలని మోతాదులో వాడుతాడు. క్రిములు చావకపోగా మందుకు లొంగని శక్తిని సంతరించుకొని అతని భార్యకు సోకుతాయి. ఆమెకు న్యుమోనియా వచ్చినప్పుడు అదే మందు నిష్ఫలమై ఆమె మరణిస్తుంది. తప్పు భర్తది, ప్రాణం భార్యది. పరీక్షా సౌకర్యాలు లేని చిన్న వైద్యశాలలలో, వైరస్ వలన వచ్చే జలుబుకు సైతం యాంటీబయాటిక్ రాసే నేటి రోజులలో అది కథగా తోచదు.

1947లో బ్రిటను ప్రభుత్వం వైద్యుని చీటీ లేనిదే పెన్సిలిన్ అమ్మరాదని చట్టం చేసింది. ఫ్లెమింగ్ 1955 మార్చి 11న లండనులో కన్నుమూశాడు.