పౌనార్‌లో పది నెలలు
(వినోబా భావే జీవితంలో ఒక ఘట్టం)

పోచంపల్లి పేరు వినగానే మీకు ముందు చేనేత పట్టుచీరలు గుర్తుకు వస్తాయి. ఆ తరువాత భూదానం గుర్తుకు వస్తుంది. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే ఆ గ్రామానికి కాలినడకన వచ్చారు. భూమిలేని దళిత కుటుంబాలవారు తమకు 80 ఎకరాలు కావాలని అడిగారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అక్కడి నుంచి మొదలైన నడక 1964 వరకు, అంటే 13 సంవత్సరాలు సాగింది.

ఈ నడకకు 13 సంవత్సరాల ముందు, అంటే 1938లో, ఇదే మనిషి బరువు 88 పౌన్లు. మన లెక్కలో 40 కిలోలు. అప్పుడు ఆయనకు 42 ఏళ్ళు. ఇక ఎక్కువ కాలం బతకరని చుట్టూ ఉన్నవారు భయపడ్డారు. అలాంటి మనిషి ఎలా కోలుకున్నారు? ఎక్కడ ఉన్నారు? ఏం చేశారు? ఈ పాఠంలో మీరు చదవబోయేది ఆ సంగతి. ఉద్యమాల చరిత్రలో ఇలాంటి విషయాలకు సాధారణంగా ఒక వాక్యం కంటే ఎక్కువ చోటు దొరకదు. అందుకే ఇక్కడ కొంచెం వివరంగా చెబుతున్నాం.

బలహీనమైన శరీరం, కఠినమైన జీవితం

వినోబా అసలు పేరు వినాయక్ నరహరి భావే. 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె అనే కొండప్రాంతపు పల్లెలో జన్మించారు. తండ్రి ఉద్యోగం బరోడాలో కావడంతో చదువు అక్కడ సాగింది. 1916లో ఇంటర్మీడియట్ పరీక్ష రాయడానికి బొంబాయి బయలుదేరి, సూరత్‌లో రైలు దిగి, కాశీకి వెళ్ళిపోయారు. ఆ ఏడాది జూన్‌లో అహమ్మదాబాదు దగ్గర కోచ్రబ్ ఆశ్రమంలో గాంధీజీని మొదటిసారి కలిశారు. ఆ సమయంలో గాంధీజీ కూరగాయలు తరుగుతున్నారు. వచ్చిన యువకుడి చేతికీ ఒక కత్తి ఇచ్చి పనిలో కూర్చోబెట్టారు. మాటల మధ్య, ఈ కుర్రవాడు చాలా బలహీనంగా ఉన్నాడని కూడా గమనించారు.

ఆశ్రమంలో పని ఎక్కువ. వినోబా ఆరోగ్యం దానికి తట్టుకోలేదు. 1917లో ఆయన ఒక సంవత్సరం సెలవు తీసుకొని మహారాష్ట్రలోని వాయి అనే ఊరికి వెళ్ళారు. అక్కడ నారాయణశాస్త్రి మరాఠే అనే పండితుని వద్ద సంస్కృత శాస్త్రాలు చదవాలన్నది ఒక ఉద్దేశం. ఆరోగ్యం బాగుచేసుకోవాలన్నది రెండోది. మొదట్లో రోజూ పది పన్నెండు మైళ్ళు నడిచేవారు. తరువాత తిరగలి తిప్పి శేర్ల కొద్దీ ధాన్యం విసిరేవారు. ఆపైన సూర్యనమస్కారాలు. ఉప్పు కొంతకాలం మానేశారు, మసాలాలు ముట్టలేదు. ఒక నెల కేవలం అరటిపండ్లు, పాలు, నిమ్మకాయలతో గడిపి చూశారు. బలం తగ్గింది. వెంటనే ఆ పద్ధతి వదిలి జొన్నరొట్టెలకు తిరిగి వచ్చారు. పాలు, రెండు జొన్నరొట్టెలు, నాలుగైదు అరటిపండ్లు, దొరికితే ఒక నిమ్మకాయ. ఇదీ చివరికి ఆయన స్థిరపడిన భోజనం. ఈ లెక్కలన్నీ గాంధీజీకి ఉత్తరంలో రాశారు. సంవత్సరం నిండిన రోజుకు సరిగ్గా ఆశ్రమానికి తిరిగి వచ్చారు.

ఈ వాయి సంగతిలో గమనించదగ్గది ఒకటి ఉంది. ఆయన ఏదైనా ప్రయోగం చేస్తే దాని ఫలితం కూడా చూసేవారు. ఒంటికి సరిపడకపోతే పట్టుదలకు పోయేవారు కాదు. ఈ గుణం కనుక లేకపోతే 1938లో ఆయన బతికి ఉండేవారు కారేమో!

1921లో వార్ధా ఆశ్రమం బాధ్యత వినోబా మీద పడింది. ఆ తరువాత జైళ్ళు, ఊరూరా పని. 1930 దశాబ్దం మధ్యలో వార్ధా పక్కన నల్వాడి గ్రామంలో ఉంటూ ఆయన మరో కఠినమైన పరీక్షకు పూనుకున్నారు. నూలు వడికే పేద స్త్రీకి ఎంత కూలి దొరుకుతుందో అంతటితోనే తానూ బతకాలి. రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు వడికేవారు. ఆయన చేతివేగం సామాన్యమైనది కాదు. అయినా ఆ కూలి డబ్బులు సరైన తిండికి చాలేవి కావు. ఈ విషయం తెలిసి గాంధీజీ కలత చెందారు. ఇంత నేర్పరికే చాలకపోతే మామూలు కూలిమనిషి సంగతేమిటి? వడికేవారికి బతకడానికి తగిన కనీస కూలి ఇవ్వాలని 1935లో అఖిల భారత చరఖా సంఘం నిర్ణయించింది.

వడికేవారి కూలి పెరగడం మంచిదే. కాని వినోబా శరీరం మాత్రం దెబ్బతిన్నది. తక్కువ తిండి, ఎక్కువ శ్రమ, ఆపైన ఆశ్రమం బాధ్యతలు, రాత్రి బోధనలు. 1938 నాటికి ఒళ్ళు పూర్తిగా చిక్కిపోయింది.

(ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మీ ఇంట్లోగాని, మీ వాడలోగాని ఇలా తిండి తక్కువై, పని ఎక్కువై మంచాన పడినవారు ఉన్నారా? వారికి విశ్రాంతి దొరికిందా? మీ నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి.)

ఎక్కడికి వెళ్ళాలి?

వినోబా పరిస్థితి గాంధీజీ చెవిన పడింది. ఆయన అప్పటికి వార్ధా దగ్గరే సేవాగ్రాంలో ఉంటున్నారు. వినోబాను పిలిపించి, తన దగ్గరే ఉండమనీ, తానే స్వయంగా సేవ చేస్తాననీ చెప్పారు. రోగులకు సేవ చేయడమంటే గాంధీజీకి ఎంత ఇష్టమో మీకు తెలుసు. వినోబా ఒప్పుకోలేదు. గాంధీజీకి యాభై పనులున్నాయి, వాటిలో రోగుల సేవ ఒకటి. ఆ రోగులు మళ్ళీ ఎందరో. వారిలో తానొకడిని అయితే తనకు ఒరిగేదేమిటని నిర్మొహమాటంగా అనేశారు. గాంధీజీ నవ్వారు.

అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. దానికీ వినోబా వినలేదు. పోనీ ఏదైనా చల్లటి కొండప్రదేశానికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండమని నైనిటాల్, ముస్సోరీ వంటి పేర్లు చెప్పారు. ఆ రోజుల్లో డబ్బున్నవారు జబ్బుపడితే చేసే పని అదే. వినోబా ఆలోచించి, వార్ధాకు ఐదారు మైళ్ళ దూరంలో ధామ్ నది ఒడ్డున ఉన్న పౌనార్ గ్రామం పేరు చెప్పారు. అక్కడ జమ్నాలాల్ బజాజ్‌కు చెందిన ఒక బంగళా ఖాళీగా ఉంది. ఖర్చు లేదు, ప్రయాణం లేదు.

వార్ధా ఎండల సంగతి తెలిసినవారికి ఈ ఎంపిక విడ్డూరంగానే తోస్తుంది. అది మార్చి నెల. ఎండాకాలం ముందుంది. అయినా గాంధీజీ సరేనన్నారు, ఒక షరతు మీద. ఆశ్రమం గురించి ఆలోచన పూర్తిగా మానాలి. మనసులో కూడా ఆ బరువు మోయకూడదు.

ఈ షరతును వినోబా అక్షరాలా పాటించారు. 1938 మార్చి 7న ఆయనను కారులో పౌనార్‌కు తీసుకువెళ్ళారు. నడిచి వెళ్ళే శక్తి లేదు. ధామ్ నది వంతెన దాటుతున్నప్పుడు, తాను అన్నిటినీ వదిలివేశానని మూడుసార్లు తనలో తాను చెప్పుకున్నారు. సన్న్యాసం తీసుకునేవారు చెప్పే మాటలవి. ఆశ్రమం, సంఘం, లెక్కలు, శిష్యులు అన్నీ నదికి అవతలే ఉండిపోయాయి.

మీలో సంసార బాధ్యతలు ఉన్నవారికి ఇది విని ఒక అనుమానం రావచ్చు. మనం ఇలా అన్నీ వదిలేసి కూర్చుంటే పిల్లలకు ఎవరు పెడతారు అని. ఆ అనుమానం న్యాయమైనదే. వినోబాకు భార్యాబిడ్డలు లేరు. ఇల్లు ఇవ్వడానికి బజాజ్ వంటి మిత్రుడున్నారు, చూసుకోవడానికి సహచరులున్నారు. విశ్రాంతి కూడా ఒక వసతే. అది అందరికీ ఒకేలా దొరకదు.

ఐదు నిమిషాల తవ్వకం

పౌనార్‌లో మొదట కొన్నాళ్ళు ఆయన పెద్దగా ఏమీ చేయలేదు. మనసును ఖాళీగా ఉంచి, ఆరుబయట తిరిగి, నిద్ర పట్టినంతసేపు నిద్రపోయారు. తరువాత చేతికి పలుగు తీసుకొని బంగళా ఆవరణలోని పొలంలో తవ్వడం మొదలుపెట్టారు. ఔషధంగా తవ్వకమా అని మీరు ఆశ్చర్యపడవచ్చు. కాని ఆయన తవ్విన తీరు చూడండి. మొదటి రోజు ఐదు నిమిషాలు మాత్రమే తవ్వారు. ఇంకా ఓపిక ఉన్నా ఆపేశారు. మరునాడు కాస్త ఎక్కువ. ఆ మరునాడు ఇంకాస్త. ఇలా రోజుకు కొద్ది నిమిషాల చొప్పున పెంచుకుంటూ, కొన్ని నెలలకు రెండు గంటల దాకా వచ్చారు. ఆ రెండు గంటలు కూడా ఏకబిగిన కాదు. నడుమ నడుమ కొన్ని క్షణాలు ఆగి, ఊపిరి తీసుకొని, మళ్ళీ పలుగు ఎత్తేవారు.

జబ్బుపడి లేచినవారు మామూలుగా చేసే పొరపాటు ఏమిటి? కొంచెం ఓపిక వచ్చిందనగానే ఆగిపోయిన పనులన్నీ ఒకేసారి నెత్తిన వేసుకుంటారు. నాలుగు రోజులకే మళ్ళీ మంచం ఎక్కుతారు. టైఫాయిడ్ తరువాతగాని, కామెర్ల తరువాతగాని మన ఇళ్ళలో జరిగేది ఇదే. పొలం పిలుస్తుంది, షావుకారు పిలుస్తాడు. వినోబా విషయంలో పెద్ద పని ఏదంటే, తవ్వడం కంటే తవ్వడం ఆపడమే. నల్వాడిలో తొమ్మిది గంటలు రాట్నం ముందు కూర్చున్న మనిషి ఐదు నిమిషాలకు పలుగు కింద పెట్టడం ఎంత కష్టమో ఊహించండి.

ఆరుబయట గాలి, మితమైన శ్రమ, చింతలేని మనసు, శుభ్రమైన సాదా తిండి, చాలినంత నిద్ర. పది నెలలు గడిచేసరికి ఆయన బరువు 128 పౌన్లకు చేరింది. అంటే 40 పౌన్లు, సుమారు 18 కిలోలు పెరిగారు. కొండప్రదేశం అవసరం పడలేదు.

ఈ తవ్వకాలలో మరో వింత జరిగింది. 1932లో ధూలియా జైలులో వినోబా తోటి ఖైదీలకు గీత మీద ఉపన్యాసాలు చెప్పారు. వాటిలో ఒకచోట రాముడు, భరతుడు కలుసుకున్న దృశ్యాన్ని ఎవరైనా బొమ్మగా వేస్తే ఎంత బాగుంటుందో అని ఊహించారు. పౌనార్ నేలలో పాత శిల్పాలు చాలా ఉన్నాయి. ఆయన తవ్వుతున్నచోట అచ్చంగా ఆ దృశ్యమే చెక్కిన రాయి ఒకటి బయటపడింది. దానిని అక్కడే ప్రతిష్ఠించారు. దేవుడు పంపిన బహుమానమని ఆయన భావించారు.

తరువాతి సంగతులు

కోలుకున్నాక ఆయన తిరిగి నల్వాడికి వెళ్ళిపోలేదు. ఆ ఊరి పిల్లలకు వడకడం, నేయడం నేర్పుతూ పౌనార్‌లోనే ఉండిపోయారు. ఆ స్థలానికి పరంధామం అని పేరు పెట్టారు. 1940 అక్టోబరు 17న ఇదే పౌనార్ నుంచి ఆయన యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడి, వ్యక్తి సత్యాగ్రహంలో గాంధీజీ ఎంపిక చేసిన మొదటి సత్యాగ్రహి అయ్యారు. రెండున్నరేళ్ళ ముందు కారులో పడుకోబెట్టి తెచ్చిన మనిషి తిరిగి జైలుకు వెళ్ళారు. 1950లో సహచరులతో కలిసి డబ్బు వాడకుండా, ఎద్దులు కూడా లేకుండా, చేతులతోనే భూమి తవ్వి పంట పండించే ప్రయోగం కూడా అక్కడే చేశారు. నీళ్ళ కోసం బావి తవ్వారు.

1951 మార్చిలో వార్ధా ప్రాంతం నుంచి బయలుదేరి సుమారు 300 మైళ్ళు నడిచి, హైదరాబాదు దగ్గర శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అప్పటికే కడుపులో పుండుతో బాధపడుతున్నారు. పాలు, పెరుగు, తేనె వంటి తేలిక ఆహారం కొంచెం కొంచెంగా తీసుకుంటూ నడిచేవారు.

ఇదంతా చదివి, డాక్టరు అవసరమే లేదని మీరు అనుకోవద్దు. 1952 డిసెంబరులో అప్పటి బీహారులోని, నేటి జార్ఖండ్‌లోని, చాండిల్ అనే చోట ఆయనకు ప్రమాదకరమైన మలేరియా వచ్చింది. మందు వద్దని మొదట పట్టుబట్టారు. జ్వరం తీవ్రమై ప్రాణం మీదికి వచ్చింది. ఎందరో పెద్దలు బతిమాలారు. చివరకు మందు పుచ్చుకున్నారు, జ్వరం దిగింది. నీరసానికి పలుగు, విశ్రాంతి పనిచేశాయి. మలేరియాకు మందే పనిచేసింది. రెండింటికీ తేడా తెలియక మనలో చాలామంది జ్వరానికి పథ్యంతో సరిపెడతారు, నీరసానికి సూది వేయించుకుంటారు.

కొంత తేరుకున్నాక వినోబా మళ్ళీ నడక మొదలుపెట్టారు. ఆ దారి తరువాత 1962లో నాటి తూర్పు పాకిస్తాన్ మీదుగా కూడా సాగింది. 1964 ఏప్రిల్‌లో ఆయన పౌనార్‌కు తిరిగి చేరుకున్నారు. ధామ్ నది ఒడ్డున 1959లో స్త్రీల కోసం స్థాపించిన బ్రహ్మవిద్యా మందిరం అప్పటికే నడుస్తోంది. 1982 నవంబరు 15న ఆయన కన్నుమూసింది కూడా అక్కడే.